మా వదిన తుంచిన ముప్పై ఎనిమిది పిందెలు

మా వదినకు వాడిపోయింది కంటబడితే చెయ్యి ఊరుకోదు. కిటికీలో కుండీ ఉంటే పక్కనుంచి పోతూ పోతూ పండుటాకు తుంచేస్తుంది. నా చొక్కా చేతికి దారప్పోగు వేలాడుతుంటే మాట మధ్యలో పుటుక్కున తెంపేస్తుంది. "ఏదో ఒకరోజు నన్ను కూడా పీకి పారేస్తావు వదినా" అన్నానొకసారి. "నువ్వెప్పుడో వాడిపోయావు, మా ఆయన చెల్లెలివని ఊరుకున్నాను" అంది. ఆవిడ నోరు అలాంటిది. నా నోరు అంతకన్నా మంచిదేం కాదు, ఆ సంగతి మీకే తెలుస్తుంది.

మేమిద్దరం పనిచేసేది ఒకే తోటలో. పూలూ కాయలూ అమ్మే తోట కాదు, కొత్త రకాల విత్తనాలు తయారుచేసే తోట. ముందువైపు అద్దాల షెడ్లు, వెనక ఏటవాలు నేలమీద వరసగా పైన్ చెట్లు, మధ్యలో రేకుల కప్పు విత్తనాల గది. ఆ గది నాది. వచ్చిన కాయల్ని ఆరబెట్టడం, గింజ తియ్యడం, గట్టిదీ తాలూ వేరుచెయ్యడం, సంచీకి చీటీ కట్టడం. పంతొమ్మిదేళ్లుగా అదే పని. ఆ ఉద్యోగం నాకు ఇప్పించింది మా వదినే. ఆ ముక్క ఏడాదికి రెండుసార్లు తప్పకుండా వినిపిస్తుంది కూడా.

వదిన అద్దాల షెడ్డు మనిషి. ఇరవై రెండేళ్లుగా టమాటా పూలకు సంబంధాలు కుదురుస్తోంది. నవ్వకండి, అదే పని. టమాటా పువ్వులో ఆడా మగా రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి. వదిలేస్తే దానంతట అదే కాయ కట్టేసుకుంటుంది, మనం కోరిన జత కుదరదు. అందుకని రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రమే చిన్న పట్టకారుతో విప్పి, లోపలి పుప్పొడి తిత్తులు నలగకుండా లాగెయ్యాలి. నడిమి పుల్ల మాత్రం మిగలాలి. పుల్ల విరిగిందా, పువ్వు పోయినట్టే. తర్వాత తొడిమ దగ్గరి పచ్చరేకల్లో రెండు కత్తిరించాలి. అది గుర్తు. రేపు కాయ పండాక కూడా పైన రెండు రేకలు లేకపోతే "ఇది మనం కుదిర్చిన సంబంధం" అని తెలుస్తుంది. పొద్దున్నే తండ్రి మొక్క పుప్పొడి చిన్న గిన్నెలో పోసుకుని, ఆ పుల్ల కొసకు అద్దాలి. రోజుకు ఆరేడు వందల పూలు. ఆ పట్టకారు ఎప్పుడూ ఆవిడ జేబులోనే ఉంటుంది, అందుకే తోటంతా పట్టకారమ్మ అంటారు. ఇంట్లో బల్లమీద పడ్డ చీమను కూడా దాంతోనే తీస్తుంది.

అద్దాక వారం. వారంలో పిందె కడితే కట్టినట్టు, లేకపోతే పువ్వు వాడి, తొడిమ పసుపెక్కిపోతుంది. అలాంటివి ఏరి తుంచెయ్యాలి, మొక్క బలం మిగతా పిందెలకు పోవాలి కదా. తుంచినప్పుడల్లా తొడిమకు కట్టిన తారీఖు చీటీ విప్పి కవరులో వేసి, సాయంత్రం లెక్క చెప్పాలి. మిగతావాళ్లు ఒకటీ అరా మింగేస్తారు. మా వదిన మింగదు. ఇరవై రెండేళ్లలో రాలిన ప్రతి పువ్వుకీ లెక్క చెప్పింది. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక పైన్ చెట్ల వైపు నిచ్చెన తాత రాజ్యం. ముప్పై ఏళ్లు నిచ్చెన మోసి మోసి ఆయన ఎడమ భుజం కిందికి వాలిపోయింది. పైన్ చెట్టుకు పువ్వంటూ లేదు. రేకలు లేవు, వాసన లేదు, తేనెటీగతో పనిలేదు, భారమంతా గాలిదే. కింది కొమ్మలకు మగ గుత్తులు, చిటారు కొమ్మలకు చిటికెన వేలి గోరంత ఎర్రటి ఆడ కాయలు. చలి విరిగిన వారానికి గాలి వీచిందంటే పసుపు దుమ్ము మేఘంలా లేస్తుంది. నా కిటికీల మీద, నా పళ్ళేల మీద, నా టీలో! తుమ్ముతూ తిడుతూ తుడుచుకుంటాను. "ఓ గింజ కోసం అంత దుమ్మెందుకు తాతా?" అంటే, "గాలికి అడ్రసు తెలియదు కదమ్మా, అందుకే అన్ని ఉత్తరాలు" అనేవాడు.

తాత గాలిని నమ్మేవాడు కాదు. ఆడ కాయలు విచ్చుకోకముందే కొమ్మకు గుడ్డ సంచీ తొడిగి, తాను కోరిన పుప్పొడిని రబ్బరు బుడ్డితో లోపలికి ఊదేవాడు. "టమాటాలో గింజ కాబోయేది గదిలో గడియ పెట్టుకుని కూర్చుంటుంది. నా చెట్టులో వరండాలో కూర్చుంటుంది" అనేవాడు. కాయ పొలుసుల మధ్య అది బయటికే ఉంటుందట. తెల్లవారేసరికి దాని మూతి దగ్గర ఓ నీటిచుక్క ఊరుతుంది. ఎగిరొచ్చిన పుప్పొడి అందులో పడుతుంది. చుక్క ఆరుతూ ఆరుతూ దాన్ని లోపలికి లాక్కుంటుంది. తర్వాత పొలుసులు దగ్గరికి మూసుకుంటాయి. ఇక సంచీ తీసెయ్యొచ్చు.

ఆ తోటలో పదిహేడో నంబరు చెట్టని ఒకటుంది. ఆ రకంలో మా దగ్గర మిగిలింది అదొక్కటే. అంటు కట్టి చూశారు, రెండుసార్లూ ఎండిపోయింది. సొంత పుప్పొడితో కాయలు కాస్తుంది గానీ గింజ గుల్ల. దానికి సరిపడే చెట్టు ఎక్కడో దూరాన ఇంకో తోటలో ఉంటే, తాత ఏడేళ్లు ఉత్తరాలు రాసి, వేలెడంత గాజు గొట్టంలో పుప్పొడి తెప్పించాడు. ఆ వసంతంలో పదిహేడు మీద నలభై మూడు కాయలకు దాన్ని ఊదాడు. ఒక్కో కాయకూ కొమ్మ, నంబరు, తారీఖు రాసిన చీటీ కట్టాడు. ఎండాకాలంలో ఆ దూరపు చెట్టు గాలివానకు వేళ్లతో సహా పడిపోయిందని కబురొచ్చింది. చలికాలంలో పదిహేడుకే వేరుకుళ్లు పట్టిందని మేడమ్ తేల్చింది. మేడమ్ అంటే తోట పెద్ద, మంచి మనిషే గానీ జబ్బు చెట్టును చూస్తే రంపం తప్ప ఇంకో మాట రాదు. అంటే ఆ నలభై మూడు కాయలే ఆ వంశానికి ఆఖరు. తాతకు ఇంకో ఆరు నెలల్లో రిటైర్మెంటు. ముప్పై ఏళ్ల చాకిరీ మొత్తం ఆ కాయల్లో ఉంది.

సరిగ్గా అప్పుడు అద్దాల షెడ్లకు కొత్త అద్దాలు వేయిస్తూ, అక్కడి వాళ్లను తలా ఒక వైపు సర్దారు. వదినను పైన్ వైపు వేశారు. తాత సంబరపడ్డాడు, తన తర్వాత ఆ వరసలు చూసుకోవడానికి అంత జాగ్రత్త గల చెయ్యి దొరికిందని. వదినా సంబరపడింది, పైకి ఒప్పుకోదు గానీ. రెండు వారాలు నిచ్చెన ఎక్కడం నేర్పి, తాత కంటి ఆపరేషనుకు సెలవు పెట్టి వెళ్లాడు. చీటీలున్న చెట్టు జోలికి పోవద్దని చెప్పడం మర్చిపోయాడు. చెప్పాల్సిన పని ఉందని ఎవరికి మాత్రం తోస్తుంది?

మూడో రోజు పదకొండు గంటల టీ వేళకు వదిన క్యాంటీన్లోకి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. చేతిలో కవరు. మొహం కాస్త దిగులుగా, కాస్త గర్వంగా ఉంది.

"ముసలాయనకు ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నా" అంది. "పాపం, అంత కష్టపడ్డాడు. ఒక్కటీ కట్టలేదు."

"ఏది కట్టలేదు?"

"పదిహేడు మీద పిందెలు. చీటీల మీద తారీఖు చూశాను, పది నెలలైంది. గోధుమరంగుకు తిరిగి, గోరంత ఉన్నవి గోరంతే ఉన్నాయి. చెట్టుకు అసలే జబ్బు, బలం ఎందుకు లాగాలని ఏరి తీసేశా. ముప్పై ఎనిమిది. చీటీలన్నీ ఇందులో ఉన్నాయి."

టీ నా ముక్కుల్లోకి పోయింది. దగ్గలేక దగ్గలేక అన్నాను, "నీ చేతులు పడిపోనూ! పైన్ కాయ రెండేళ్ల కాయ వదినా!"

"ఏంటి?"

"నా గదికి వచ్చే ప్రతి పైన్ కాయ చీటీ మీదా ముందటేడు తారీఖు ఉంటుంది. మొదటి ఏడాది అది ఎదగదు. అలాగే కూర్చుంటుంది. రెండో ఏడాది ఎదుగుతుంది. నువ్వు తుంచింది కట్టినవాటినే!"

వదిన నన్ను చూసింది, కవరును చూసింది. మనిషి నిలువునా నీరుకారిపోయింది. నాకేమో అరికాలి మంట నెత్తికెక్కింది. అరిచాను, ఎవర్నీ అడక్కుండా చెయ్యి పెట్టడానికి నువ్వెవరివి అన్నాను, పక్క బల్లల వాళ్లు తిరిగి చూసేదాకా అన్నాను. తర్వాత ఆవిడ కవరు విప్పి చీటీలు మళ్లీ లెక్కపెడుతుంటే చూసి, గొంతు తగ్గించి ఇంకా పనికిమాలిన మాట అన్నాను.

"ఉడుతల మీద తోసెయ్. ఏటా కొన్ని కాయలు కొరికి పడేస్తాయి, ఎవరికీ అనుమానం రాదు. ఆ కవరు నాకిచ్చెయ్, బాయిలర్లో పడేస్తా."

వదిన చీటీలు కవరులో వేసి మూతి మడిచింది. ఇస్తుందనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఇవ్వాలనే కోరుకున్నాను, మా అన్నయ్యకు ఈ గొడవంతా ఎవరు చెబుతారు?

"టమాటా పువ్వు పోతేనే లెక్క చెప్పాను" అంది చివరికి. "దీనికి చెప్పకపోతే ఎలా? నువ్వు తోడొస్తావా, నన్నొక్కదాన్నే పొమ్మంటావా?"

ఆ సాయంత్రం ఇద్దరం తాత ఇంటికి వెళ్లాం. ఒక మంచం, ఒక కుర్చీ, గోడకు చిన్న నిచ్చెన. ఆ మనిషికి ఇంట్లో కూడా నిచ్చెనే. ఒక కంటికి పచ్చగుడ్డ కట్టుంది, రెండో కంటికి ముందునుంచే సరిగా ఆనదు. మా అడుగుల చప్పుడు విని "పట్టకారమ్మేనా? రా అమ్మా, కూర్చో" అన్నాడు. వదిన కూర్చోలేదు. కవరు ఆయన చేతిలో పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఒక్క సాకు కూడా కలపలేదు.

తాత కవరులో వేళ్లు పెట్టి చీటీలు తడిమాడు. "నాకు కనబడదు. చదువు" అన్నాడు.

వదిన చదివింది. పదిహేడు, తూర్పు కొమ్మ, ఒకటి. పదిహేడు, తూర్పు కొమ్మ, రెండు. ముప్పై ఎనిమిదీ చదివించాడు. ఒక్కో చీటీకీ "ఊఁ" అన్నాడు. నాకు లేచి పారిపోవాలనిపించింది.

"ఎన్ని మిగిలాయి?"

"అయిదు. పడమటి కొమ్మ చివరవి. చెయ్యి అందలేదు."

"నీ చెయ్యి పొట్టిదైనందుకు బతికాయి" అన్నాడు. తర్వాత మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "ఇక వెళ్లండమ్మా. ఈ కంట్లో నీళ్లు తెచ్చుకోవద్దన్నాడు డాక్టరు."

దారి పొడుగునా వదిన ఏడుస్తూనే ఉంది. నేను చెయ్యి పట్టుకుని నడిచాను.

పది రోజులకు తాత పనిలోకి వచ్చాడు. తిడతాడనుకున్నాం. తిట్టలేదు. వదిన తుంచిన పిందెల్లో ఒకదాన్ని బ్లేడుతో నిలువునా కోసి నా గదిలో భూతద్దం కింద పెట్టి, "చూడు" అన్నాడు. నేనూ చూశాను, నా గది కదా.

"పుప్పొడి ఇక్కడిదాకా వచ్చింది. వచ్చి లోపలికి సన్నటి వేరులాంటిది చాపింది. సగం దారిలో ఆగిపోయింది. చలికాలమంతా పడుకుంటుంది. మళ్లీ వేడి తగిలాక లేచి మిగతా సగం నడుస్తుంది, అప్పుడు గానీ ఆడా మగా కలవవు. మీ టమాటాలో రోజులోపు అయిపోయే పని, ఇక్కడ ఏడాది."

"ఇంకెన్నాళ్లకు కలిసేవి?"

"ఆరు వారాలు" అన్నాడు తాత. "పుప్పొడి అందనివి మొదటి ఎండాకాలంలోనే వాటంతటవే రాలిపోతాయమ్మా. చలికాలం దాటి కొమ్మను పట్టుకుని ఉన్నాయంటేనే అందినట్టు."

వదిన భూతద్దం మీదనుంచి తల ఎత్తలేదు. తాతే మళ్లీ అన్నాడు, "సగం తప్పు నాది. నీకు చెట్టెక్కడం నేర్పాను గానీ చెట్టు సంగతి చెప్పలేదు. సగం మాత్రం నీదే, అది నీ దగ్గరే ఉంచుకో. మిగిలిన అయిదూ నీవి. ముట్టుకోవద్దు. రోజూ చూడు, అంతే."

చూడటమంటే మా వదినకు ఎంత కష్టమో మీకు తెలియదు. పట్టకారు తీసి నా సొరుగులో పడేసింది. పొద్దున్నే నిచ్చెన ఎక్కడం, రెండు చేతులతో నిచ్చెన కమ్మీలు గట్టిగా పట్టుకుని చూడటం, దిగడం. "ఎలా ఉన్నాయి?" అంటే "అలాగే ఉన్నాయి" అనడం. వారాల తరబడి అదే మాట.

ఈలోగా మేడమ్ పదిహేడును కొట్టేయాలంది. తప్పు ఆవిడది కాదు, వేరుకుళ్లు ఒక చెట్టు వేళ్లనుంచి పక్క చెట్టు వేళ్లకు పాకుతుంది. వదిన వెళ్లి ఆవిడ బల్ల ముందు నిలబడింది.

"కాయలు పండేదాకా ఆగండి మేడమ్."

"పక్క వరస పోతే మీరు బాధ్యత తీసుకుంటారా అమ్మా?"

"చుట్టూ కందకం తవ్వి వేళ్లు తెంపేస్తే పాకదు కదా?"

"పాకకపోవచ్చు. కానీ ఆ వరసల మధ్యకు మిషను పట్టదు. మనుషుల్ని అక్కడికి ఇవ్వలేను."

"మనిషిని నేనున్నాను" అంది వదిన.

నడుము లోతు, చెట్టు చుట్టూ తిరిగి రావాలి. పని అయ్యాక రోజూ రెండు గంటలు. మొదటి రెండు రోజులూ నేను గట్టున కూర్చుని, ఇది నీ వల్ల అయ్యే పనేనా, నడుం పడిపోతే మా అన్నయ్యకు వండేదెవరు అని నస పెట్టాను. మూడో రోజు నాకే సిగ్గేసి పార పట్టుకున్నాను. మా అన్నయ్య బస్సు డ్రైవరు, సెలవు రోజున గడ్డపారతో వచ్చాడు. "పెళ్లాం పిందెలు తుంచితే మొగుడు గొయ్యి తవ్వాలా?" అంటూనే మా ఇద్దరికన్నా ఎక్కువ తవ్వాడు. మూడు వారాలు పట్టింది. మేడమ్ వచ్చి కందకంలోకి తొంగి చూసి, వెళ్లి, రంపం తారీఖు వెనక్కి జరిపింది.

ఎండ ముదిరాక ఒక పొద్దున వదిన నా గదిలోకి పరుగెత్తుకొచ్చింది, జుట్టు నిండా పైన్ సూదులు. "లావెక్కుతున్నాయే! అయిదూ! నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలుస్తోంది!" గోరంత ఉన్నవి నెల తిరిగేసరికి గుడ్డంత అయ్యాయి. ఒకటి గాలికి రాలింది. ఒకదానికి పురుగు తొలిచి బెజ్జం పడింది. ఆ రెండు రోజులూ వదినకు అన్నం దిగలేదు. మిగిలిన మూడూ ఆకురాలే కాలానికి అరచేతంత అయి, రంగు తిరిగాయి.

తాత అప్పటికి రిటైరయ్యాడు. కాయలు కోసేరోజు వచ్చి నిచ్చెన కింద పట్టుకున్నాడు. "ఎక్కు. ఇప్పుడు తుంచు" అన్నాడు. వదిన పైన ఎంతసేపుందో, "తుంచమన్నానమ్మా, నా మెడ పట్టేస్తోంది" అని అరిచాడు. మర్నాడు పదిహేడును కొట్టేశారు. మొదలు నడుమ కుళ్లు నల్లగా కనబడింది. ఇంకో గాలివానకు ఆగేది కాదు.

ఇక మిగిలింది నా పని. మూడు కాయల్నీ పళ్లెంలో పెట్టి వెచ్చటి గాలి తగిలేలా ఉంచాను. నాలుగు రోజులకు పొలుసులు టిక్కు టిక్కుమని విచ్చుకున్నాయి. రెక్కలున్న గింజలు, నూట నాలుగు. వదిన మొహం వెలిగిపోయింది.

"ఆగు, సంబరపడకు" అన్నాను. "పూల మొక్క గడుసుది. ఒక్క పుప్పొడి రేణువులోంచి ఇద్దరొస్తారు, ఒకడు బిడ్డకు, ఒకడు బిడ్డ తిండికి. చుట్టం వచ్చాకే పొయ్యి వెలిగిస్తుంది. పైన్ పిచ్చిది, ఎవరొస్తారో రారో తెలియకుండా ముందే వండి కూర్చుంటుంది. రాకపోయినా, వచ్చినవాడు నిలవకపోయినా, పైన పెంకు మాత్రం నిక్షేపంగా కట్టేస్తుంది. చూడ్డానికి అన్నీ గింజలే, లోపల గుల్ల." ఇది తాత దగ్గర నేర్చుకున్న పాఠమే. నా ఉద్యోగం మొత్తం దానిమీదే నడుస్తోంది.

గట్టిదీ తాలూ తేల్చడానికి నా దగ్గర పాత పద్ధతి ఉంది. రెక్కలు నలిపి తీసి, గింజల్ని నీళ్లలో వేసి ఒక పూట వదిలెయ్యడమే. మునిగినవి గట్టివి. తేలినవి తాలు, బకెట్లో పోసి కాలవలో పారబొయ్యడమే. గాజు పాత్రలో నీళ్లు పోసి నూట నాలుగూ వేశాను. అన్నీ తేలాయి. వదినా తాతా చెరోవైపు కూర్చుని పాత్రలోకి చూస్తున్నారు. గంటకు ఒకటి మునిగింది. మధ్యాహ్నానికి ఇంకో నాలుగు. గది మూసే వేళకు ఏడు.

"ఏడు" అన్నాడు తాత. "ఏడు చాలు. సున్నా కంటే ఏడు చాలా ఎక్కువ." ఈసారి ఆయన కంటి నీళ్లను ఏ డాక్టరూ ఆపలేదు.

నేను పైన తేలిన తొంభై ఏడింటినీ జల్లెడతో తీసి బకెట్లో వెయ్యబోయాను. వదిన నా చెయ్యి పట్టుకుంది.

"ఏం చేస్తున్నావు?"

"తాలు పారబోస్తున్నాను. ఎప్పుడూ చేసేదే."

"అవి నాకిచ్చెయ్."

"ఎందుకు, వత్తులు చేసి వెలిగిస్తావా? గుల్ల వదినా అవి. పంతొమ్మిదేళ్లనుంచి చూస్తున్నాను, నాకు చెప్పకు."

"నేను ఇరవై రెండేళ్లనుంచి చూస్తూనే తుంచాను కదా" అంది. ఇచ్చాను. మనసులో నవ్వుకుంటూనే ఇచ్చాను.

తడి ఇసుకలో కలిపి రెండు నెలలు చల్లగా ఉంచాలి, లేకపోతే చలికాలం గడిచిందని గింజ నమ్మదు. ఏడూ ఒక డబ్బాలో, తొంభై ఏడూ ఒక డబ్బాలో, నా గదిలోని ఫ్రిజ్‌లో పెట్టాం. నా టిఫిన్ డబ్బాకు చోటు లేకుండా పోయిందని రోజూ గొణిగాను. వసంతంలో ఏడింటినీ మంచి కుండీల్లో నాటారు. తొంభై ఏడింటినీ వదిన షెడ్డు మూల పడున్న ఒక పాత చెక్కపెట్టెలో చల్లి, "తేలినవి" అని చీటీ కట్టింది. వచ్చేవాళ్లందరికీ దాన్ని చూపించి, "మా వదిన తాలు పంట" అని నవ్వించాను.

ఏడింట్లో అయిదు మొలిచాయి. పైన్ మొలక తల మీద గింజ పెంకును టోపీలా పెట్టుకుని లేస్తుంది. ఆ టోపీ దానంతట అది ఊడాలి, లాగితే లోపలి సూదులు తెగి మొలక చస్తుంది. మా వదిన వాటి ముందు కూర్చున్నప్పుడల్లా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. అయిదు టోపీలూ అవే రాలాయి. మేడమ్ పైన్ వరసల బాధ్యత వదిన పేర రాసింది.

అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను.

చెక్కపెట్టెలో నెల గడిచింది, రెండు గడిచాయి. వదిన నీళ్లు చిలకరిస్తూనే ఉంది. మూడో నెలలో ఒక మధ్యాహ్నం నన్ను పిలిచింది. గొంతులో సంబరం లేదు, అదోలా ఉంది. వెళ్లి చూశాను. మట్టి చీల్చుకుని ఒక్క మొలక వచ్చింది, అగ్గిపుల్లంత, నెత్తిమీద టోపీతో. కలుపేమోనని దగ్గరికి వంగి చూశాను. కలుపు కాదు. చీటీ తిప్పి చూశాను. "తేలినవి."

"ఒక్కటే వచ్చింది" అంది వదిన.

ఏడాదికి ఎన్ని చెట్ల గింజలు నా పాత్రలో పడతాయో నాకు తెలుసు. ఎన్ని బకెట్లు కాలవలో పోశానో కూడా తెలుసు. క్యాంటీన్లో అందరూ వినేలా ఆవిడ మీద అరిచింది నేనే. ఆవిడ తుంచినవి ముప్పై ఎనిమిది. నావి ఎన్నో లెక్క లేదు, ఏ చీటీ ఏ కవరులోనూ లేదు.

నా మొహం చూసి వదినకు అర్థమైంది. ఆ నోటికి అంతకన్నా మంచి అవకాశం జన్మలో దొరకదు. ఒక్క ముక్క అనలేదు. అంటే బాగుండేది.

ఆ సాయంత్రం గది కడిగి ముగించే వేళకు ఇరవై మూడో నంబరు చెట్టు తాలు బకెట్లో సిద్ధంగా ఉంది. ఎప్పటిలాగే పట్టుకుని కాలవ దాకా వెళ్లాను. వంచలేకపోయాను. కాసేపు అక్కడే నిలబడి, మళ్లీ వెనక్కి మోసుకొచ్చి షెడ్డు గుమ్మంలో పెట్టాను.

"వదినా, అలాంటి చెక్కపెట్టెలు ఇంకా ఉన్నాయా?"

"మూల రెండున్నాయి" అంది తల తిప్పకుండా. "బరువుగా ఉంటాయి. ఆ చివర నువ్వు పట్టు."